శిలాచూర్ణములు – జీడితోటలు



గింజకొఱకు పెంచబడు వృక్షములలో మన తెలుగుదేశమునకు ముఖ్యమైనవి రెండు. వానిలో కొబ్బరికి, కోనసీమయందును ఉద్దానమునందును, రైతులు తరతరములుగా పాదులు త్రవ్వి, ఉప్పును బూడిదను వేసి, ఆదరముతో సేవ చేయుచునే యున్నారు. జీడిమామిడికి మాత్రము ఆ భాగ్యము చాలకాలము పట్టలేదు. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు బ్రెజిలుదేశమునుండి దీనిని మన పశ్చిమతీరమునకు తెచ్చినప్పుడు, కొండవాలుల మన్ను వానలకు కొట్టుకొనిపోకుండ నిలుపుటయే దీని పనిగా నుండెను. గింజకు వెల గట్టుట తరువాతి కాలపు మాట. ఆ కారణముచేతనే, మఱి యే పంటయు పండని గుట్టల యంచులును, ఇసుకదిబ్బలును, రాతినేలలును దీని పాలికి వచ్చినవి. ఏమియు పెట్టకున్నను బ్రతుకు చెట్టని దీనికి పేరు వచ్చినది. బ్రతుకుట నిజమే. కాని బ్రతుకుట వేఱు, కాచుట వేఱు. పలాస, కాశీబుగ్గలలో జీడిపప్పు పరిశ్రమ ఎందఱికో జీవనాధారమై నిలిచియుండగా, మన దేశము ఆఫ్రికా ఖండమునుండి ముడిగింజలను ఏటేట దిగుమతి చేసికొనుచుండుటకు గల కారణములలో, తోటలను ఆకలితో నుంచుట యొకటి యని నేను దృఢముగా నమ్ముచున్నాను.

ఆ యాకలిని తీర్చుటకు భూగర్భమునుండి త్రవ్వి తీసిన సహజ ఖనిజముల పొడులు, అనగా సున్నపురాయి, డోలమైటు, జిప్సము, రాక్ ఫాస్ఫేటు మున్నగునవి, ఎంతవఱకు ఉపకరించునో, ఏ నేలలో ఉపకరించునో, ఏ నేలలో అపకారమునే చేయునో వివరించుట ఈ ప్రసంగమునందు నా యుద్దేశము.

మొదట నేలను గూర్చి నాలుగు మాటలు. మన ఉత్తరకోస్తా జిల్లాలలోను, గోదావరి మన్యములోను కనబడు ఎఱ్ఱనేలలు, వేలయేండ్లుగా ఎండకు పగిలి, వానకు తడిసి, మూలశిలలోని సున్నమును, మెగ్నీషియమును, పొటాషును కొంచెము కొంచెముగా ఏఱులకును సముద్రమునకును అప్పగించుచు వచ్చినవి. కరగని యినుమును అల్యూమినియమును మాత్రము తమలో నిలుపుకొన్నవి. ఆ మంటికి ఎఱుపుదనము నిచ్చునది యినుమే. సున్నము తఱిగిన కొలదిని నేలలో ఆమ్లత పెరుగును. ఉదజని సూచిక 7 యున్నచో నేల తటస్థమనియు, అంతకు తగ్గిన ఆమ్లమనియు, మించిన క్షారమనియు వ్యవసాయశాస్త్రజ్ఞులు లెక్కింతురు. ఆ సూచిక 5.5కు దిగువకు జాఱినప్పుడు, అంతవఱకు మట్టిరేణువులయందు బంధింపబడియున్న అల్యూమినియము నీటిలో కరిగి లేతవేళ్ల కొసలను మొద్దుబాఱజేయును. వేరు పొట్టిదై, లావై, శాఖలు వేయజాలక, దిగువపొరలలో నీరున్నను అందుకొనలేకపోవును. ఇక భాస్వరము సంగతి మఱింత విచిత్రమైనది. అది నేలలో నున్నను ఇనుముతోను అల్యూమినియముతోను పెనవేసికొని, తాళము వేసిన గాదెలోని ధాన్యమువలె, కంటి యెదుటనే యుండియు చెట్టునకు దక్కదు.

జీడిమామిడి సహజముగా ఆమ్లతను కొంత సహించు చెట్టు. ఉదజని సూచిక 5 మొదలు 6.5 వఱకు గల నేలలలో అది సుఖముగా పెరుగును. నీరు నిలిచిన చోటను, చౌడు తేలిన చోటను అది నిలువజాలదు. అయితే ఎఱ్ఱనేల లన్నియు ఆమ్లనేలలు కావు. ఒకే గ్రామములో గుట్టమీది తోట ఒక తీరుగను, గుట్టక్రింది తోట వేఱొక తీరుగను ఉండుట తఱచు. బాపట్ల ప్రాంతపు సముద్రతీర సైకతభూములలో ఆమ్లతకంటె సారహీనతయే పెద్ద లోపము. అచ్చటి యిసుక పోసిన నీటిని నిలుపలేదు, వేసిన పోషకమును నిలుపలేదు. మట్టిని పరీక్ష చేయింపక, పొరుగువాడు వేసినాడు గనుక మనమును వేయుదమని ఏ పొడినైనను బండ్లకొలది తోలుట ద్రవ్యమును నష్టపఱచుకొనుటయే.

ఖనిజములతో నేలను బాగుచేయవచ్చునను భావము క్రొత్తది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని వర్జీనియా ప్రాంతమున, ఏండ్ల తరబడి పొగాకు పండించి నిస్సారములైన పొలములలో, భూమిలోపలి గవ్వలతో కూడిన సున్నపుమన్నును త్రవ్వి చల్లి, పంటను తిరిగి రప్పించిన ఎడ్మండ్ రఫిన్ అను కృషీవలుడు, ఆ యనుభవమును 1832లో గ్రంథముగా ప్రకటించెను. నేల చెడుటకు ఆమ్లతయే కారణమని, దానికి సున్నమే ప్రతిక్రియయని అతడు వాదించెను. తరువాత ఎనిమిదేండ్లకు, 1840లో, జర్మనీలో లీబిగ్ మహాశయుడు మొక్కకు కావలసిన ఖనిజ పోషకములను గూర్చి రసాయనశాస్త్ర దృష్టితో వ్రాసిన గ్రంథము వెలువడి, యూరపు వ్యవసాయమునకు క్రొత్త దారి చూపెను.

ఇప్పుడు రాక్ ఫాస్ఫేటును గూర్చి కొంచెము విస్తరించి చెప్పెదను. ఏలయన, జీడితోటకును ఈ శిలకును గల పొత్తు మఱి దేనికిని లేదని నా యభిప్రాయము. ఇది ప్రాచీన సముద్రముల యడుగున పేరుకొని గట్టిపడిన భాస్వరపు రాయి. రాజస్థానములో ఉదయపురమునకు చేరువనున్న ఝామర్‌కోట్రాలోను, హిమాలయపు అంచులలో ముస్సోరీ పరిసరములలోను దీని నిక్షేపములు కలవు. దానిని మెత్తగా విసరి పొడిచేసి యమ్ముదురు. అందు భాస్వరము, ఎరువుల లెక్క ప్రకారము, నూటికి 18 పాళ్లకు తగ్గకుండ ఉండవలెను. ఇది నీటిలో కరగదు. కరగనందుననే వరి, మొక్కజొన్న వంటి మూడునాలుగు నెలల పైరులకు దీనివలన చాలినంత ప్రయోజనము లేదు; ఆ పైరు కోతకు వచ్చువేళకు రాయి యింకను రాయిగనే యుండును. ముప్పది నలువది యేండ్లు నిలుచు చెట్టు సంగతి అట్టిది కాదు. దానికి తొందర లేదు. నేలలోని ఆమ్లమును, వేళ్లు స్రవించు ఆమ్లములును, వేళ్లను అల్లుకొని పెరుగు శిలీంధ్రపు దారములును కలిసి ఆ రేణువులను ఏటేట కొంచెముగా నమలుచుండ, భాస్వరము విడుదలైన వెంటనే వేరు దానిని అందుకొనును. నీటిలో వెంటనే కరుగు ఎరువును ఎఱ్ఱమట్టిలో ఒక్కసారిగా కుమ్మరించినప్పుడు అందధికభాగము ఇనుముచేత పట్టువడిపోవును. శిలాచూర్ణము నెమ్మదిగా కరుగుటచేత ఆ నష్టము కొంత తగ్గును.

ఒక షరతు కలదు. ఈ రాయి కరగుటకు నేల ఆమ్లముగా నుండవలెను. ఉదజని సూచిక 6కు దిగువ, ఇంకను మంచిది 5.5కు దిగువ. తటస్థభూములలోను, సున్నపునేలలలోను దీనిని వేసినచో అది ఏండ్ల తరబడి వేసినట్లే యుండును. అట్టిచోట్ల పశువుల పేడతోను చెత్తతోను కలిపి, కంపోస్టు గుంతలో కొన్ని నెలలు మాగనిచ్చి, ఆ కుళ్లునందు పుట్టు ఆమ్లములకు దీని నప్పగించి, పిమ్మట తోటకు తోలుట కొంత మేలు. అంతకంటె మేలైన మాట, అచ్చట సూపర్ ఫాస్ఫేటునే వాడుకొనుట.

శిలాచూర్ణములను వేయుటకు మొక్క నాటు నాటికంటె మంచి సమయము లేదు. భాస్వరమును సున్నమును మంటిలో పైనుండి క్రిందికి కదలవు. వేసిన చోటనే యుండిపోవును. ఎదిగిన చెట్టు క్రింద వానిని రెండడుగుల లోతునకు దింపవలెనన్న వేళ్లను నఱుకవలసి వచ్చును. నాటుటకు ముందు రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంత తెఱచియున్నప్పుడు మాత్రమే, ఆ చెట్టు జీవితకాలములో ఒకే ఒకసారి, మనకు దాని మూలస్థానమును చేరు అవకాశము కలుగును. పైమట్టితో 5 కిలోల కంపోస్టును, 200 గ్రాముల రాక్ ఫాస్ఫేటును కలిపి గుంతను నింపుట జీడిమామిడి పరిశోధకులు సిఫారసు చేసిన పద్ధతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానముమీద విరుచుకుపడి, తాతలనాటి జీడిచెట్లను కొబ్బరిచెట్లను వేళ్లతో పెకలించి పడవైచినది. ఆ నష్టమును తలచుకొన్నప్పుడు మనసు కలుక్కుమనును. ఆ తోటలలో తిరిగి నాటుకొన్నవారును, ఇంకను నాటుకొనబోవువారును, చేతికి వచ్చిన ఆ గుంతలను ఉత్తమట్టితో పూడ్చి వేయవలదని నా ప్రార్థన. ఆనాటి ఉపేక్షను తరువాతి ముప్పది యేండ్లలో ఎంత ఎరువు పోసినను సరిదిద్దుట కష్టము.

ఎదిగిన తోటకు సంవత్సరమునకు చెట్టొక్కింటికి నత్రజని 500 గ్రాములు, భాస్వరము 125 గ్రాములు, పొటాషు 125 గ్రాములు చొప్పున వేయవలెనను సిఫారసు ప్రసిద్ధమే. ఆ భాస్వరపు భాగమును రాక్ ఫాస్ఫేటు రూపమున నిచ్చినచో సుమారు 700 గ్రాముల పొడి కావలసియుండును. కొమ్మల కొసలనుండి నీటిచుక్కలు రాలు వలయమునకు కొంచెము లోపలగా, జానెడు లోతు మించని చాలు తీసి, అందు వేసి, రాలుటాకులతో కప్పవలెను. ఆహారమును గ్రహించు వేళ్లు చాలభాగము పైపొరలోనే యుండుటచేత అంతకంటె లోతు త్రవ్వుట వానికి హింస.

సున్నపురాయి, డోలమైటు అన్నదమ్ములు. సున్నపురాయి పల్నాడు, కడప, కర్నూలు సీమలలో మనకు కొండలకొలది కలదు. డోలమైటునందు సున్నముతో కూడ మెగ్నీషియమును ఉండును. శుద్ధమైన డోలమైటులో అది నూటికి 13 పాళ్లు. ఖమ్మము సీమలోని మాధారము గనులు ఉక్కు కర్మాగారమునకు డోలమైటు నందించుటచే ప్రసిద్ధికెక్కినవి. ఆకు పచ్చగా నుండుటకు మెగ్నీషియమే ఆధారము గనుక, ముదురాకులు ఈనెల నడుమ పసుపుబాఱుచున్న ఆమ్లనేలల తోటలలో సున్నముకంటె డోలమైటే యెన్నదగినది. వట్టి రాతిపొడికిని, కాల్చిన సున్నమునకును భేద మెఱిగి వాడవలెను. నూఱు కిలోల శుద్ధమైన సున్నపురాయి చేయు పనిని, బట్టీలో కాల్చిన సున్నము 56 కిలోలును, నీరు పోసి విరిచిన సున్నము 74 కిలోలును చేయగలవు. కాల్చిన సున్నము తీక్ష్ణమైనది, వేరును కాల్చివేయును. తొందర లేని తోటకు చల్లని రాతిపొడియే తగినది. అయితే అది పిండివలె మెత్తనిదై యుండవలెను, ఏలయన ముతకరేణువు పదియేండ్లకును కరగదు.

ఇక్కడ ముఖ్యమైన హెచ్చరికలు రెండు. సున్నమును రాక్ ఫాస్ఫేటును ఒకే గుంతలో, ఒకే కాలమున కలుపరాదు. ఆమ్లతవలన కరగవలసిన రాయికి ఆమ్లతను చంపు పొడిని తోడుగా నిచ్చినచో రెండును వ్యర్థమగును. అట్లే యూరియాతోను, పచ్చిపేడతోను సున్నమును కలిపినచో నత్రజని అమ్మోనియావాయువై గాలిలో కలిసిపోవును. రెండవది, జీడిమామిడి ఆమ్లప్రియమగుటచేత, నేలను 7కు తెచ్చువఱకు సున్నము పోయుట అవివేకము. సున్నము మించినచో జింకు, ఇనుము, బోరాను మున్నగు సూక్ష్మపోషకములు నేలలో బిగిసిపోవును. ఆకలి తీఱుటకు బదులు క్రొత్త యాకలి పుట్టును. ఉదజని సూచిక 5కు దిగువనున్న తోటలలో, పరీక్షాకేంద్రమువారు చెప్పిన మోతాదు మేరకే వేయవలెను. ఒకే సూచిక గల రెండు నేలలలో బంకమట్టికి ఎక్కువ సున్నమును, ఇసుకనేలకు తక్కువ సున్నమును పట్టును గనుక, సూచికను మాత్రమే చూచి మోతాదు నిర్ణయింపరాదు.

జిప్సము మన రైతులకు పాతచుట్టమే. అనంతపురము వేరుశనగ రైతు పూతదశలో ఎకరమునకు 200 కిలోల జిప్సము చల్లుట నెఱుగనివాడు కాడు. అందు సున్నపు ధాతువు నూటికి 23 పాళ్లును, గంధకము 18 పాళ్లును ఉండును. అయినను జిప్సము ఆమ్లతను తగ్గింపదు; ఈ విషయమున చాలమంది పొరపడుచుందురు. దాని గుణము వేఱు. అది సున్నపురాయికంటె నీటిలో ఎక్కువగా కరిగి, వాననీటితో దిగువపొరలకు జాఱి, అచ్చటి అల్యూమినియపు విషమును కొంత యణచి, సున్నపు ధాతువును లోతువేళ్లకు అందించును. పైనుండి వేసిన సున్నము చేరలేని చోటికి ఇది చేరును. చౌడునేలలో సోడియమును రేణువులనుండి తొలగించి మట్టిని గుల్లబఱచునదియు ఇదియే. అయితే తొలగిన సోడియము పోవుటకు మురుగుకాలువ త్రవ్వనిచో ఫలము శూన్యము. కాలిఫోర్నియాలో విశాలమైన బాదముతోటలను పెంచువారు దీనిని మఱియొక పనికి వాడుదురు. అచ్చటి పర్వతములలో మంచు కరిగి కాలువలకు వచ్చు నీరు మిక్కిలి నిర్మలమైనది. లవణమే లేని ఆ నీరు పడినప్పుడు మట్టిరేణువులు విడివడి నేల పైపొర మూసికొనిపోయి, నీరు లోపలికి ఇంకదు. కొంచెము జిప్సము కరిగించినచో ఆ రంధ్రములు తెఱచుకొని నీరు వేరును చేరును. నిర్మలమైన నీరే చెట్టును దాహమునకు గుఱిచేయు ఆ చిత్రమునందు, నేల తత్త్వ మెంత సూక్ష్మమైనదో మనకు బోధపడును.

అల్పపరిమాణములో కావలసిన ధాతువులను గూర్చి ఒక వృత్తాంతము చెప్పక ముందునకు సాగలేను. అమెరికా దక్షిణ రాష్ట్రములలో పీకన్ అను గింజచెట్లకు, ఆకులు చిన్నవై గుత్తిగా ముడుచుకొని, కొమ్మలు కొసలనుండి ఎండిపోవు వ్యాధి యొకటి చాలకాలము పీడించెను. ఇనుము లోపమేమో యని 1930 ప్రాంతమున పరిశోధకులు ఇనుప లవణమును కరిగించి చెట్లకు వాడిచూడగా, కొన్ని చెట్లు కోలుకొన్నవి, కొన్ని కోలుకొనలేదు. వెదకి చూడగా, జింకు పూత పూసిన పాత్రలలో కరిగించిన ద్రావణమే పనిచేసినదని తేలెను. చెట్టును బ్రతికించినది యినుము కాదు, పాత్ర గోడలనుండి దిగిన జింకు! అప్పటినుండి ఆ తోటలవారు జింకును మఱవలేదు. మన జీడితోటలలోను చిగురాకులు సన్నగిలి గిడసబాఱినప్పుడు ఈ ధాతువును అనుమానింపవలెను.

కొబ్బరికి బోరాను అట్టిది. మొవ్వులోని లేత ఆకులు విచ్చుకొనక, కొసలు కొక్కెమువలె వంగి, రెమ్మలు అతుకుకొనియున్నప్పుడు, చెట్టునకు సాధారణముగా 50 గ్రాముల వెలిగారమును పాదులో వేయుదురు. అదియు భూమినుండి వచ్చిన సహజ ఖనిజమే. అయినను మోతాదు కొంచెము మించిన విషమగును. సహజమైనది గనుక హాని యుండదను మాట ఎంత తఱచుగా వినబడునో అంత ప్రమాదకరమైనది.

కంకర క్రషర్లవద్ద గుట్టలుగా పడియుండు రాతిదుమ్మును తోటలకు చల్లవచ్చునాయని కొందఱు ప్రశ్నింతురు. రాతిని మెత్తగా విసరి చల్లినచో నేలకు యౌవనము తిరిగి వచ్చునని 19వ శతాబ్ది చివరనే జర్మనీలో జూలియస్ హెన్సెల్ అనునతడు ప్రచారము చేసెను. ఆ వాదములో సత్యము లేకపోలేదు. శిల చివికియే నేల యైనది. కాని కాలపరిమాణమును మఱవరాదు. గ్రానైటునందు పొటాషు నూటికి నాలుగైదు పాళ్లుండుట నిజమేకాని, అది స్ఫటికములలో బంధింపబడి యుండుటచే ఏటికి చెట్టునకు దక్కునది అత్యల్పము. రాయి రాయికిని భేదము కలదు: చీమకుర్తి నల్లరాతి జాతిలో మెగ్నీషియము, సున్నము, ఇనుము హెచ్చు, పొటాషు తక్కువ, ఎఱ్ఱ గ్రానైటులో పొటాషు హెచ్చు. దగ్గఱలో ఉచితముగా దొరకినచో, కంపోస్టుతో కలిపి వేసికొనుట తప్పు కాదు. దూరమునుండి లారీలకు కిరాయి చెల్లించి తెప్పించుకొనుటను మాత్రము నేను సమ్మతింపజాలను. ఆ సొమ్ముతో పచ్చిరొట్ట విత్తనములు కొనుట వేయిరెట్లు మేలు.

ఏలయన, ఏ ఖనిజమైనను చెట్టునకు చేరుటకు నేలలో జీవము కావలెను. తొలకరికి జనుమో, పిల్లిపెసరో చెట్లనడుమ చల్లి, పూతకు రాగానే అక్కడనే కలియదున్నినచో, ఆ కుళ్లుచున్న పచ్చిరొట్ట రాతిని కరిగించును, కరిగినదానిని పట్టి నిలుపును. జీడియాకులను ఊడ్చి తగులబెట్టు అలవాటును మానుకొనుట కూడ ఇందులో భాగమే; చెట్టు ఎంతో శ్రమతో నేలనుండి పైకి తోడిన ధాతువులు ఆ యాకులలోనే యున్నవి.

వేసవిలో, గింజలు ఏఱుట ముగిసిన పిమ్మట, తోటలో పలుచోట్ల మట్టిని తీయవలెను. తోటలకు అడుగుకొక పొర చొప్పున మూడడుగుల లోతు వఱకు, ఏ పొర మట్టిని ఆ పొరతోనే కలిపి, వేర్వేఱు సంచులలో కట్టి, దగ్గఱలోని భూసారపరీక్షా కేంద్రమునకు పంపవలెను. తొలివానలు పడి నేల తడిసిన తరువాత పొడి వేయవలెను. ఫలితమును వచ్చు పూతలోనే వెదకవలదు. రెండు మూడు పంటకాలములు ఓపిక పట్టి, తోటలో కొన్ని చెట్లకు పొడి వేయక విడిచి, వానితో పోల్చి చూచుకొనవలెను.

ఈ పొడులన్నియు, ముఖ్యముగా రాతిదుమ్ము, శ్వాసతో లోపలికి పోయినచో ఊపిరితిత్తులకు తీరని హాని చేయును. గాలి వీచు వేళ చల్లింపరాదు. పొడిని తడిపి, మట్టితో కలిపి వేయించుట మంచిది. చల్లుటకు వచ్చిన కూలివారికి ముక్కును నోటిని కప్పుకొనుటకు దళమైన గుడ్డ నిచ్చుట, పని ముగిసిన పిమ్మట కడుగుకొనుటకు నీరును సబ్బును ఏర్పాటు చేయుట తోట యజమాని బాధ్యత.